బుడుగు పాలమూరులో పుడితే?

నవలా పాఠమంటే పంతులుగారు కథ చెప్పడం, పిల్లలు జవాబులు రాసుకోవడం, పరీక్ష కాగానే మరచిపోవడం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల బడులకు మరో దారి ఉంది. ఆ దారి చూపినవారు ఈ గడ్డ బిడ్డే.

గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించారు. క్రీడాభిరామం, హంసవింశతి వంటి కావ్యాలను గాలించి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నది అందులో రాశారు. అంతకుముందు 1934లో, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఊరూరి నుంచి వివరాలు రప్పించి చేసిన పని అది.

కథలో జీవితాన్ని వెతకడం, పదిమంది కలిసి సేకరించడం: ఈ రెండే సురవరం పద్ధతి. పిల్లలూ చేయగల పనే.

బుడుగుతో మొదలు

ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’నే తీసుకుందాం. 1950ల్లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన రచన. పుస్తకం ఒక్కటే ఉన్నా ఫరవాలేదు. ఉపాధ్యాయుడు వారానికి రెండు పీరియడ్లు పైకి చదివి వినిపించాలి. తరగతిని నాలుగు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో ప్రశ్న ఇవ్వాలి. చుట్టరికాల పిలుపులు, ఆటలు, తిండి, ఆనాటి డబ్బు.

బుడుగుకు బామ్మ, బాబాయి ఉన్నారు. మన పిల్లల ఇళ్లలో అవ్వ, చిన్నాయన. ‘అవ్వ’ అంటే ఒక ఇంట్లో తల్లి, మరో ఇంట్లో నాయనమ్మ. కోస్తాలో బిళ్లంగోడు ఇక్కడ చిర్రగోనె. అణాల గురించి అడిగితే హైదరాబాదు రాజ్యంలో చెల్లిన హాలీ సిక్కా సంగతి బయటపడుతుంది. గద్వాల పిల్లవాడి మాటలో కన్నడం తొంగిచూస్తుంది. అమ్రాబాద్ చెంచు పెంట పిల్ల మాట వేరు. జట్ల జాబితాలు కలవనిచోటే అసలు పాఠం మొదలవుతుంది.

నియమాలు రెండే. ఎవరు చెప్పారో, ఏ ఊరో రాయాలి. ఒక్కరి మాట చాలదు, మరొకరినీ అడగాలి.

అవ్వే గ్రంథాలయం

వలసలకు పేరుపడ్డ ప్రాంతమిది. తల్లిదండ్రులు పనులకు దూరం పోతే పిల్లలు అవ్వతాతల దగ్గర మిగులుతారు. ఇంట్లో చదువు చెప్పేవారు లేరని ఆ పిల్లలు వెనుకబడుతున్నారు. ఈ పనిలో మాత్రం వారే ముందుంటారు. తరగతికి కావలసిన మాట వాళ్ల అవ్వ దగ్గరే ఉంది. తన ఇంటి మాట తప్పు కాదని, పుస్తకంలో మాటకు సాటి అని తెలిసిన పిల్లవాడికి బడి అంటే బెరుకు పోతుంది.

సీసీఈ పద్ధతి వచ్చాక ప్రాజెక్టు పనికి, పుస్తక పఠనానికి మార్కులు పెట్టారు. అంగట్లో కొన్న చార్టులు, గైడు చూసి దింపిన పేజీలతో ఆ మార్కులు వేసుకోవడం కంటే ఇది మేలు కదా!

అయితే సేకరణతో ఆగితే నవల మరుగున పడుతుంది. చివర మళ్లీ పుస్తకం తెరవాలి. బుడుగు మన ఊళ్లో పుడితే ఎలా మాట్లాడతాడో ఒక్కో జట్టు ఒక్కో సన్నివేశం రాయాలి. రాసింది అవ్వతాతలను బడికి పిలిచి వినిపించాలి. తప్పొప్పులు వారే చెబుతారు.