మాటతో మనసుకు చికిత్స

కౌమారం బాల్యానికీ యౌవనానికీ నడుమనున్న సంధికాలం. ఈ దశలో స్వతంత్రంగా నడవాలన్న తపన ఒకవైపు, తల్లిదండ్రుల అండ కావాలన్న ఆరాటం మరొకవైపు మనసును లాగుతాయి. తన్నెవరూ అర్థం చేసుకోరన్న భావం వేళ్ళూనుకొన్నప్పుడు ఇంట మాటలు కరవై మౌనం పేరుకొంటుంది. ఆ మౌనాన్ని కరిగించడానికి మనోవైద్యులు మాటనే మందుగా వాడుతున్నారు.

ఆపదలో ఆశ్రయం దొరుకుతుందన్న నమ్మకమే బిడ్డ ధైర్యానికి మూలమని బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ భావించాడు. ఈ సిద్ధాంతం పునాదిగా అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో గై డైమండ్, ఆయన సహచరులు కుంగుబాటుకు లోనైన కౌమారుల కోసం ఒక కుటుంబచికిత్సను రూపొందించారు. 32 మందిపై జరిపిన తొలి అధ్యయనం 2002లో వెలువడింది. చికిత్సకై వేచియున్నవారికన్నా చికిత్స పొందినవారిలో కుంగుబాటూ, ఇంటి కలహాలూ ఎక్కువగా తగ్గినట్లు అందులో తేలింది.

అంత బాధ కలిగినప్పుడు అమ్మానాన్నల దగ్గరకు ఎందుకు వెళ్ళలేకపోయావన్న ప్రశ్నతో ఈ చికిత్స ఆరంభమవుతుంది. తరువాత చికిత్సకుడు బిడ్డతో ఏకాంతంగా మాట్లాడి, కోపం మాటున దాగిన వేదనను గుర్తించడం నేర్పుతాడు. తల్లిదండ్రులతోనూ విడిగా మాట్లాడి, వారు బాల్యంలో పొందిన ఆదరణనూ, అనుభవించిన లోటునూ జ్ఞప్తికి తెస్తాడు. పిదప అందరినీ ఎదురెదురుగా కూర్చోబెడతాడు. బిడ్డ నిందించక తన బాధ చెప్పుకోవాలి; పెద్దలు తమను సమర్థించుకొనక ఆలకించాలి.

ఇందువల్ల బిడ్డ చూపు మారుతుంది. మార్కుల గురించి తండ్రి పదేపదే అడగటాన్ని అపనమ్మకంగా తలచిన విద్యార్థికి, ఆ ప్రశ్న వెనుక చదువు మధ్యలోనే ఆగిపోయిన ఒక మనిషి భయం కనిపించవచ్చు. అయితే ఈ మార్పు ఒక్కనాటిది కాదు. అణచిపెట్టిన కోపం పైకి వచ్చి, తొలినాళ్ళలో దూరం పెరిగినట్లే తోచవచ్చు. అర్థం చేసుకోవడమంటే దెబ్బలనూ అవమానాలనూ సహించడమూ కాదు. హింస ఉన్నచోట బిడ్డ రక్షణే ప్రథమ కర్తవ్యం. అట్టివారికి 1098 సహాయవాణి ఉన్నది. మనోవేదనలో ఉన్నవారు, భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరు ద్వారా తెలుగులోనే పొందవచ్చు.

చికిత్స కొత్త తల్లిదండ్రులను తెచ్చి ఇవ్వదు. ఉన్నవారిని మనుషులుగా చూడగల చూపునూ, వారి ఎదుట తన మనసు చెప్పగల ధైర్యాన్నీ ఇస్తుంది.