పుస్తకం అందిస్తారు... పదోన్నతికి నోచుకోరు

ఆదివారం ఉదయం ఊరంతా సెలవులో ఉన్నా డిగ్రీ కళాశాల గేటు మాత్రం తెరిచే ఉంటుంది. రాత్రి డ్యూటీ దిగిన ఆర్టీసీ కండక్టరు, చంటిపిల్లను ఎత్తుకున్న అంగన్‌వాడీ కార్యకర్త, దుకాణంలో గుమస్తా - ఇలా ఒక్కొక్కరే వస్తుంటారు. వీరంతా దూరవిద్య విద్యార్థులు. తరగతికి ముందు చాలామంది గ్రంథాలయంలోకి తొంగిచూస్తారు. ఈ పాఠం తేలిగ్గా అర్థమయ్యే పుస్తకం మరొకటి ఉందా అని అడుగుతారు.

దానికి బదులు చెప్పవలసిన లైబ్రేరియన్ పరిస్థితి ఎవరికీ అంతగా పట్టినట్టు లేదు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి చదువు పూర్తికాని వారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి చూపింది ఈ సంస్థే. ఊరూరా భవనాలు కట్టకుండా, ఉన్న కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు నడిపే పద్ధతి ఎంచుకున్నారు. ఖర్చు కలిసివచ్చిన మాట నిజమే. చిక్కు కూడా అక్కడే వచ్చింది. గ్రంథాలయం కళాశాలది, పాఠకుడేమో విశ్వవిద్యాలయానికి చెందినవాడు.

రోజూ కళాశాలకు వచ్చే విద్యార్థికి పుస్తకం ఇవాళ దొరక్కపోతే రేపు వస్తాడు. దూరవిద్య విద్యార్థి మళ్లీ వచ్చేది వారానికో, పక్షానికో. ఉత్త చేతులతో పంపితే బస్సు చార్జీలు, ఒక రోజు కూలి దండగ. పాఠకుని సమయం వృథా కానీయరాదన్నది రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచ సూత్రాలలో ఒకటి. అలాగని ఇంటికి పుస్తకం ఇచ్చాక ఆ విద్యార్థి చదువు మధ్యలో మానేస్తే? స్టాకు తనిఖీ రోజున సంజాయిషీ చెప్పుకోవలసింది లైబ్రేరియనే. అందుకే కొందరు అక్కడే కూర్చుని చదువుకొమ్మంటారు. మరికొందరు మనిషిని చూసి నమ్మి ఇచ్చేస్తారు. వారిలో జేబులోంచి డబ్బు కట్టుకున్న వారూ లేకపోలేదు.

జీతం విషయానికొస్తే, యూజీసీ స్కేలు పొందే కళాశాల లైబ్రేరియన్ అధ్యాపకునితో సమానమే. అయితే కళాశాలలో సాధారణంగా ఉండేది ఒకే పోస్టు. విశ్వవిద్యాలయాల్లో మాదిరి అసిస్టెంటు, డిప్యూటీ అనే మెట్లు ఇక్కడ ఉండవు. చేరిన కుర్చీలోనే రిటైరయ్యే వారు ఎక్కువ. కాంట్రాక్టు మీద ఉన్నవారికి ఆ స్కేలు కూడా అందని పండే. ఆదివారం పనికి గౌరవ వేతనమో, బదులు సెలవో దక్కినా, సర్వీసు పుస్తకంలో దాని ఊసు ఉండదు. విచిత్రమేమిటంటే, గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీని దూరవిద్య ద్వారానే పొందినవారు ఈ వృత్తిలో చాలామంది ఉన్నారు.

2020లో కరోనా వచ్చాక పాఠాలు ఫోన్లలోకి చేరాయి. ఇక లైబ్రేరియన్‌తో పనేమిటన్న వారున్నారు. జరిగింది వేరు. ఫైలు తెరుచుకోవడం లేదని, ఇంటర్నెట్‌లో దొరికిన దాంట్లో నమ్మదగినది ఏదని, హాల్ టికెట్ ఎలా తీసుకోవాలని అడిగేవారితో బల్ల దగ్గర రద్దీ పెరిగింది. ఈ పనులేవీ ఉద్యోగ విధుల జాబితాలో లేవు.

మరి తృప్తి లేదా అంటే, ఉంది. నలభై ఏళ్లు దాటాక డిగ్రీ చేతికొచ్చిన మనిషి మార్కుల జాబితాను ముందుగా గ్రంథాలయంలో చూపించి వెళ్లడం ఈ ఉద్యోగంలో తప్ప మరెక్కడ దొరుకుతుంది? అయితే తృప్తితో ఇల్లు గడవదన్నది వారి వాదన. కాదనలేం. ఆదివారం సేవను పదోన్నతికి లెక్కించాలని, దూరవిద్య పాఠకులకు ఇచ్చి పోయిన పుస్తకాలను కొంత మేరకు రద్దు పద్దులో చూపే వీలుండాలని, ఖాళీలు నింపాలని వారు కోరుతున్నారు.

లైబ్రేరియన్ రిటైరై పోస్టు ఖాళీగా ఉన్నచోట బీరువాల తాళంచెవి ఆఫీసు గుమస్తా దగ్గర ఉంటుంది. ఆదివారం ఆయనకు సెలవు.