పెరుగు బిడ్డకు తగిన సైకిలు

సాయంకాలము బడి విడువగానే ఎల్బీ నగర్‌లో ఏ కాలనీ వీధికి వెళ్ళినను సైకిళ్ళపై తిరుగు పిల్లలు కనుపింతురు. వెనుకటి నల్ల సైకిళ్ళు ఇప్పుడు అరుదు. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, హ్యాండిల్‌పై గేర్లు మార్చు మీటలు గల మౌంటెన్ సైకిలునే నేటి పిల్లలు కోరుదురు. దిల్‌సుఖ్‌నగర్ బజారులో దుకాణము ముందు నిలిచినప్పుడు పిల్లవాడు "ఎన్ని గేర్లు?" అని అడుగును. తండ్రి "ధర ఎంత?" అని అడుగును. ఈ రెండింటికన్న ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: ఈ బిడ్డ కాలి పొడవు ఎంత?

ఈ ప్రశ్నను నేనును అడుగలేదు. నేను కళాశాలలో భౌతికశాస్త్రము బోధించువాడను. మా అమ్మాయికి పదవ యేట సైకిలు కొనబోవుచుండగా మా నాన్నగారు "పెరిగే పిల్ల కదా, కాస్త పెద్దదే తీసుకో, నాలుగేండ్లు వస్తుంది" అనిరి. ఆ మాట సబబుగానే తోచినది. 26 అంగుళముల చక్రముల సైకిలు ఇంటికి వచ్చినది. దాని సీటును పూర్తిగా దింపినను నేలనుండి 78 సెంటీమీటర్ల ఎత్తున నుండెను. అమ్మాయి కాలి పొడవు 62 సెంటీమీటర్లు మాత్రమే. వారము తిరుగక మునుపే ఒక వాలు వీధిలో ఆటో అడ్డము వచ్చినది. ఆమె బ్రేకు వేసినది, సైకిలు ఆగినది. కాని మోపుటకు కాలు నేలకు అందలేదు. ప్రక్కకు పడి మణికట్టు ఎముక చిట్లినది. "నాన్నా, నేను ఆపాను. కాలే అందలేదు" అని ఆసుపత్రిలో చెప్పినది. చేయి నెలన్నరలో బాగుపడెను. భయము పోవుటకు ఏడాది పట్టెను. గరిమనాభిని గూర్చి ఏటేట పాఠము చెప్పు నాకు, ఇంటిలో టేపు పట్టి చూడవలెనని తోచకపోయెను. ఆ పొరపాటు మరియొక ఇంట జరుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

ఈ సైకిలు ఎక్కడిది?

గాలి నింపిన సైకిలు టైరు పుట్టుకకు కారణము ఒక బాలుడే. బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపులు లేక నడచుటకై రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు తొడిగెను. 1888లో దానికి పేటెంటు పొందెను. మౌంటెన్ సైకిలు మాత్రము చాల కాలము తరువాతది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున టామల్‌పయిస్ కొండ పరిసరములలో కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్ళతో మట్టి దారుల వెంట దిగుచు 1976లో పందెములు మొదలుపెట్టిరి. ఆ దిగుడులో బ్రేకు వేడెక్కి, చక్రపు ఇరుసులోని గ్రీజు కాలిపోయెడిది. ప్రతి పందెము తరువాత మరల గ్రీజు నింపవలసి వచ్చెడిది. 1977లో జో బ్రీజ్ అను నతడు కొండదారులకే ప్రత్యేకముగా ఒక సైకిలు నిర్మించెను. 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఈ పందెమునకు స్థానము లభించెను.

కావున ఈ సైకిలులోని ప్రతి భాగము రాళ్ళు, గుంటలు, ఎత్తుపల్లములు గల దారికై ఏర్పడినది. మన వీధులలోను గుంటలకు, స్పీడు బ్రేకర్లకు కొదువ లేదు. మూసీ ఒడ్డున నాగోలు నుండి ఎల్బీ నగర్ వచ్చువారికి ఎత్తు ఎక్కుట తప్పదు. కనుక లావు టైర్లును, తేలిక గేర్లును ఇక్కడ ఉపయోగపడునవే. కాని అవి బిడ్డకు సరిపోవు కొలతలో నుండవలెను.

కాలిని కొలుచుట

పిల్లవానిని చెప్పులు లేకుండ గోడకు ఆనించి నిలువబెట్టుడు. పాదముల నడుమ జానెడు ఎడముంచి, ఒక అట్ట పుస్తకమును కాళ్ళ మధ్య పైకి జరిపి, సీటుపై కూర్చున్నట్లే గట్టిగా ఆనునట్లు పట్టుడు. పుస్తకపు అంచు గోడపై తాకినచోట గుర్తు పెట్టి, నేలనుండి అచ్చటికి కొలువుడు. అదియే కాలి పొడవు. వయస్సును బట్టి చక్రపు కొలతను చెప్పుట దుకాణములలో వాడుక. కాని ఒకే తరగతిలోని ఇద్దరు పిల్లల కాళ్ళలో పది సెంటీమీటర్ల తేడా ఉండుట వింత కాదు. అంతేకాదు, 24 అంగుళములనునది చక్రపు కొలత మాత్రమే. అదే చక్రముపై చిన్న ఫ్రేమును బిగింపవచ్చును, పెద్ద ఫ్రేమును బిగింపవచ్చును.

ఈ పొడవుతో రెండు పరీక్షలు చేయవలెను. మొదటిది: సీటుకు ముందు, ఫ్రేము పై కడ్డీకి ఇరువైపుల కాళ్ళుంచి నిలువబడినప్పుడు కడ్డీకిని శరీరమునకును నడుమ కనీసము 5 సెంటీమీటర్ల ఎడముండవలెను. ఆకస్మికముగా ఆగినప్పుడు పిల్లలు సీటునుండి ముందుకు దిగి నిలుచునది ఇచ్చటనే. రెండవది: సీటును పూర్తిగా దింపి కూర్చుండబెట్టినప్పుడు రెండు పాదముల ముందు భాగములు నేలకు ఆనవలెను.

రెండవ పరీక్షకు కారణము సులభము. ఏ వస్తువైనను దాని గరిమనాభినుండి గీచిన నిలువు గీత ఆధారపు వైశాల్యములో పడినంతవరకే నిలుచును. కదలుచున్న సైకిలును, తొక్కువాడు హ్యాండిల్‌ను అటునిటు సర్దుచు నిలబెట్టును. ఆగిన సైకిలుకు ఆ వీలు లేదు. రెండు టైర్లు నేలను తాకు సన్నని పట్టీయే దాని ఆధారము. ఒక కాలు నేలకు ఆనగానే ఆ ఆధారము వెడల్పగును. కాలు అందనిచో పడుట తప్పదు.

పెరుగుదలకు తావు ఎక్కడ?

"అయితే ఏటేట కొత్త సైకిలు కొనవలెనా?" అని అడుగవచ్చును. అక్కరలేదు. పదవ యేటనుండి పదునాలుగవ యేటివరకు మగపిల్లవాని సగటు ఎత్తు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారము, 138 సెంటీమీటర్లనుండి 163కు పెరుగును. అనగా నాలుగేండ్లలో 25 సెంటీమీటర్లు. ఇందులో రమారమి సగము కాళ్ళదని అనుకొన్నను, కాలి పొడవు ఏటికి మూడు సెంటీమీటర్ల చొప్పున హెచ్చును. సీటు క్రింది గొట్టమును పది సెంటీమీటర్లు పైకి లేపగల సైకిలు మూడేండ్లు పనికివచ్చునన్నమాట. పెరుగుదలకు తావు ఈ గొట్టములో నుండవలెను గాని, ఫ్రేము ఎత్తులో కాదు. ఈనాడు అడుగున సరిపోయి, రేపు పైకి లేచు సీటు గలదే సరియైన ఎన్నిక.

యౌవనారంభమున కాళ్ళు మొండెముకన్న ముందుగా పెరుగును. కావున ఆరు మాసముల కొకసారి కొలిచి సీటును సవరింపుడు. గొట్టముపై ఒక గీత చెక్కియుండును. అది బయటికి కనుపించునంతగా సీటును లేపరాదు. లేపినచో లోపల మిగిలిన చిన్న ముక్కపై భారమంతయు పడి గొట్టము వంగవచ్చును, విరుగవచ్చును.

బాగుగా తొక్కువారికి పెడలు ఇరుసు నడిమి బిందువునుండి సీటు పైభాగము వరకు కాలి పొడవులో 0.88 వంతు ఉండవలెనని ఒక వాడుక లెక్క కలదు. 66 సెంటీమీటర్ల కాలికి అది 58 సెంటీమీటర్లు. అప్పుడు పెడలు అడుగునకు చేరినపుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగియుండును, శ్రమ తగ్గును. కాని నేర్చుకొను బిడ్డకు ఈ లెక్క తొందరపాటు. మొదట పాదములు అందు ఎత్తున ఉంచి, ధైర్యము వచ్చినకొలది కొద్ది వారముల కొకసారి సెంటీమీటరు చొప్పున లేపవలెను.

క్రాంకు, గేర్లు

పెడలును ఇరుసుకు కలుపు చేతిని క్రాంకు అందురు. ఇది ఒక తులాదండము. క్రాంకు పొడవైనకొలది అదే బలముతో భ్రామకము హెచ్చును. అయితే పెడలు తిరుగు వృత్తమును పెద్దదగును, పైకి వచ్చినప్పుడు మోకాలు మిక్కిలి ముడుచుకొనును. పెద్దవారి క్రాంకు సాధారణముగా 170 మిల్లీమీటర్లు. కాలి పొడవు 82 సెంటీమీటర్లు గలవానికి అది రమారమి అయిదవ వంతు. అదే నిష్పత్తిని 66 సెంటీమీటర్ల కాలికి పెట్టినచో 140 మిల్లీమీటర్లకు దగ్గరగా వచ్చును. క్రాంకు లోపలి వైపున ఈ కొలత చెక్కియుండుట పరిపాటి. చూచి కొనుడు.

ఇక గేర్లు. ముందు 42, 34, 24 పళ్ళ చక్రములు మూడు, వెనుక 14 నుండి 28 పళ్ళవరకు చక్రములు ఏడు ఉన్నవనుకొందము. 3ను 7తో గుణించి "21 గేర్లు" అందురు. 24 అంగుళముల చక్రము చుట్టుకొలత సుమారు 1.91 మీటర్లు. ముందు 42, వెనుక 14 అయినచో పెడలు ఒకసారి తిరుగగా చక్రము మూడుసార్లు తిరిగి, సైకిలు 5.7 మీటర్లు పోవును. ముందు 24, వెనుక 28 అయినచో 1.6 మీటర్లు మాత్రమే పోవును. దూరము తగ్గినకొలది తొక్కు బలమును తగ్గును. ఎత్తు ఎక్కునపుడు బిడ్డకు కావలసినది ఇదియే.

ఇప్పుడొక చిత్రము చూడుడు. 42ను 28తో భాగింపుడు, 24ను 16తో భాగింపుడు. రెండును 1.5 గదా! అనగా పేరుకు రెండు గేర్లైనను పని ఒక్కటే. ఇట్లు 21లో చాలవరకు ఒకదానికొకటి సమానముగానో, సమీపముగానో ఉండును. పైగా ఈ రెండు కూర్పులలోను చైను ఏటవాలుగా సాగి త్వరగా అరుగును. కావున ఎక్కువ గేర్లు గలది మేలైనదని అనుకొనరాదు. పదేండ్ల బిడ్డకు ముందు ఒక చక్రము, వెనుక ఆరేడు చక్రములు చాలును. నేర్చుటయు సులభము.

బరువు, టైర్లు, బ్రేకులు

30 కిలోల బిడ్డ 15 కిలోల సైకిలు తొక్కుట, 60 కిలోల పెద్దవాడు 30 కిలోల సైకిలు తొక్కుట వంటిది. ముందు వెనుకల స్ప్రింగులు అమర్చిన చవుక సైకిళ్ళు చూపునకు ఘనముగా నుండును. కాని ఆ స్ప్రింగులు బరువును పెంచుటయే గాక, తొక్కిన బలములో కొంత తాము మ్రింగును. వీధులలో తిరుగు బిడ్డకు స్ప్రింగులు లేని ఫోర్కు చాలును. కుదుపులను లావు టైరే చాలవరకు ఆపును. ఎదురుగా ఉన్న బరువు యంత్రముపై మొదట మీరు నిలిచి, తరువాత సైకిలును ఎత్తుకొని నిలిచినచో తేడాయే సైకిలు బరువు.

టైరులో గాలి పీడనమును తగ్గించినకొలది అది నేలను ఎక్కువ వైశాల్యమున తాకును. బిడ్డయు సైకిలును కలసి 45 కిలోలనుకొందము. 30 పౌండ్ల పీడనమనగా చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోలు. అప్పుడు రెండు టైర్లును కలసి సుమారు 21 చదరపు సెంటీమీటర్లు నేలకు ఆనును. 50 పౌండ్లు నింపినచో 13 మాత్రమే. మట్టి మైదానమునకు మొదటిది, తారు రోడ్డునకు రెండవది అనుకూలము. టైరు ప్రక్కన అచ్చువేసిన హద్దును మాత్రము మీరరాదు.

గంటకు 18 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 5 మీటర్లు. అపాయమును చూచి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టిన, అంతలోనే 5 మీటర్లు గడచును. బ్రేకు మీట బిడ్డ వ్రేళ్ళకు దూరమైనచో ఆ సెకను రెండగును. హ్యాండిల్ పిడిని విడువకుండ రెండు వ్రేళ్ళతో మీటను పట్టగలుగునట్లు, మీటపై నున్న చిన్న మరను తిప్పి దగ్గరకు సర్దింపుడు. శిరస్త్రాణము తప్పనిసరి. విజయవాడ రహదారిపైకి కాదు, కాలనీ వీధులలోను బడి మైదానములోను మాత్రమే పంపుడు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తులాదండము పాఠము వచ్చిననాడు ఒక సైకిలును, ఒక టేపును తరగతిలోనికి తెండు. పిల్లలచేత తమ కాళ్ళను, పళ్ళ చక్రములను, చక్రపు చుట్టుకొలతను కొలిపింపుడు. ఇంటికి పోయి వారే తలిదండ్రులకు ఏ సైకిలు తగునో లెక్క కట్టి చెప్పుదురు.

పడిన ఏడాదికి మా అమ్మాయి కాలిని కొలిచితిని. 66 సెంటీమీటర్లు. అడుగున 68 సెంటీమీటర్ల సీటు గల 24 అంగుళముల సైకిలు తెచ్చితిమి. ఎక్కి కూర్చుండి మొదట ఆమె చేసిన పని తొక్కుట కాదు. రెండు పాదములు నేలకు ఆనించి, నావైపు చూచి, "అందుతున్నాయి నాన్నా" అన్నది. పిమ్మటనే బయలుదేరినది.