ప్రభుత్వము దావా వేసినచో మన బాకీ అడుగవచ్చునా?

"రాజు తలచిన దెబ్బలకు కొదువా" యని పెద్దలు చెప్పుదురు. సర్కారు కోర్టు కెక్కిన పిమ్మట ఎదురు చెప్పుట వ్యర్థమని బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో నేటికిని తలచు రైతులు కలరు. ఈ తలంపు సరికాదు.

మన బందరు పేరుతోనే ప్రసిద్ధికెక్కిన పాత వ్యాజ్యమొకటి కలదు. 1860లో మచిలీపట్నము కలెక్టరు కక్షిదారుగా నున్న ఆ వ్యాజ్యమును లండనులోని ప్రీవీ కౌన్సిలు తీర్చెను. వారసులు లేక మరణించినవాడు బ్రాహ్మణుడైనను వాని ఆస్తి ప్రభుత్వమునకు చెందుననియు, అయితే దానిపై మునుపున్న భారములకు లోబడియే చెందుననియు న్యాయాధిపతులు నిర్ణయించిరి. అనగా ఆస్తి పొందువాడు ప్రభుత్వమైనను దాని భారమును తప్పించుకొనజాలడు.

అయినను ప్రభుత్వమునకొక కవచము మిగిలియుండెను. రాజ్యాధికారముతో చేసిన పనివలన కలిగిన నష్టమునకు ప్రభుత్వమునకు బాధ్యత లేదను వాదము 1861 నాటి కలకత్తా తీర్పునందు మొలకెత్తి, 1965లో కస్తూరిలాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టుచే బలపడెను. పోలీసులు పట్టుకొన్న బంగారముతో హెడ్ కానిస్టేబులు పారిపోయినను వర్తకునకు పరిహారము దొరకలేదు.

ఈ కవచమునకు గండి కొట్టినది మన రాష్ట్రపు ఎరువుల వ్యాజ్యమే. 1975లో అధికారులు ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ యొక్క ఎరువులను, ధాన్యమును పట్టుకొనిరి. ఎరువులను అక్కరగల రైతులకు పంచవలెనని ఉత్తరువైనను, వ్యవసాయశాఖ ఉద్యోగి పంచలేదు. తిరిగి యిచ్చునాటికి సరుకు చెడిపోయెను. ఉద్యోగుల అశ్రద్ధకు ప్రభుత్వము పరిహార మీయవలసినదే యని 1994లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. దేశరక్షణ, న్యాయపాలన, శాంతిభద్రతల వంటి మూలాధికారములకు మాత్రము రక్షణ మిగిల్చెను. ఒప్పందపు బాకీలలో ఈ కవచపు ప్రసక్తియే లేదు.

ఇక ఎదురు దావా సంగతి. ఒక సంఘము ప్రభుత్వశాఖకై ధాన్యము సేకరించినదనుకొందము. గోనెసంచులు తగ్గినవని ఆ శాఖ 2 లక్షలకు దావా వేసెను. సంఘమునకు రావలసిన కమీషను 3 లక్షలు. 1976లో సవరింపబడిన సివిలు ప్రొసీజరు కోడు 8వ ఆర్డరు ప్రకారము సంఘము తన జవాబుతోపాటు ఎదురు దావా వేయవచ్చును. రెండును రుజువైనచో సంఘమునకే లక్ష రావలెను. ప్రభుత్వము తన దావాను మానుకొన్నను ఎదురు దావా నిలుచును.

అయితే మూడు జాగ్రత్తలు కావలెను. ఎదురు దావాకు కోర్టు ఫీజు కట్టవలెను. ప్రభుత్వమునకు దావా గడువు 30 సంవత్సరములుండగా, మన బాకీకి సాధారణముగా 3 సంవత్సరములే. ఎదురు దావా కోర్టులో వేసిన దినమే లెక్కకు వచ్చును. ప్రభుత్వముపై వేరుగా దావా వేయువారు రెండు నెలల ముందు నోటీసు నీయవలెను. ఎదురు దావాకును ఈ నోటీసు సంగతి వకీలుతో ముందే విచారించుకొనుట మేలు.

కావున సభ్యులారా, తూకపు చీటీలు, సంచుల రశీదులు, ఒప్పందపు కాగితములు సంఘపు పెట్టెలో భద్రపరుపుడు. కోర్టులో రాజునకైనను రైతునకైనను మాటకంటె కాగితమే బలము.