మాట పోయిన మనిషిని తెర మీద పరీక్షించవచ్చా?

పక్షవాతం వస్తే కాలూ చెయ్యీ పడిపోతాయని అందరికీ తెలుసు. కొందరికి వాటితోపాటు మాట కూడా పోతుంది. దాహం వేస్తుంది, కానీ ‘నీళ్లు’ అన్న పదం నోటికి రాదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే శబ్దం వినిపిస్తుంది, అర్థం మాత్రం అందదు. లోపం నాలుకలోనో చెవిలోనో లేదు. మెదడులో, చాలామందికి ఎడమ సగంలో, భాషను నడిపే భాగాలు దెబ్బతిన్నాయి. ఈ స్థితినే అఫేజియా అంటారు. కోల్‌కతాలో తొలిసారి పక్షవాతం వచ్చిన 515 మంది బెంగాలీ భాషీయులను పరీక్షిస్తే 208 మందిలో ఇది కనిపించిందని 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. అంటే పదిమందిలో నలుగురు!

మాటకు మార్కులు

చికిత్స మొదలుపెట్టాలంటే ముందు ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలియాలి. ఇందుకు స్పీచ్ థెరపిస్టులు విరివిగా వాడే పరీక్ష వెస్టర్న్ అఫేజియా బ్యాటరీ. కెనడా నాడీవైద్యుడు ఆండ్రూ కెర్టెజ్ దీన్ని 1982లో వెలువరించారు. తనంత తాను మాట్లాడటానికి 20 మార్కులు. విన్నది గ్రహించడం, విన్నది తిరిగి చెప్పడం, పేర్లు చెప్పడం - ఈ మూడింటికీ పదేసి. మొత్తం 50ని రెట్టింపు చేసి నూటికి లెక్కిస్తారు. 93.8 కన్నా తగ్గితే అఫేజియా ఉన్నట్టు. 2013లో దీని బెంగాలీ రూపం ప్రచురితమైంది.

సుందరవనాల దీవి నుంచి పడవా బస్సూ రైలూ మారుతూ, ఒక పక్క చచ్చుబడిన మనిషిని కోల్‌కతాకు తీసుకురావడం తేలిక కాదు. ఒకసారి వస్తే సరిపోదు కూడా. మెరుగుదల తెలియాలంటే మళ్లీ మళ్లీ కొలవాలి. మరి ఇదే పరీక్షను వీడియోలో పెడితే?

పరిశోధనలు ఏమన్నాయి?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2008లో 32 మందిపై, అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు 2020లో 20 మందిపై ఇలాంటి పోలికే చేశారు. బోస్టన్ వారు వాడినది కెర్టెజ్ పరీక్ష సవరించిన రూపమే. రెండుచోట్లా తెర మీది ఫలితాలు, ఎదురుగా కూర్చోబెట్టి చేసిన ఫలితాలు చాలావరకు సరిపోయాయి. అయితే ఇవి చిన్న సంఖ్యలు. పైగా జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో పేర్లు చెప్పించడం, పదాల తప్పులు పట్టుకోవడం వంటి కొన్ని అంశాలు తెర మీద కష్టమవుతాయని క్వీన్స్‌లాండ్ బృందం గమనించింది.

కారణాలు ఊహించడం కష్టం కాదు. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూసే అంశం ఒకటుంది. పేరుకు ఒక మార్కు. మధ్యలో నెట్ ఐదు సెకన్లు ఆగిపోతే పోయిన మార్కులు రోగివా, నెట్‌వా? ‘ప’ అన్నాడో ‘బ’ అన్నాడో నాసిరకం మైకులో తేలదు. కుడివైపు చూపు తగ్గినవారికి తెరలో ఆ సగం బొమ్మలు కనబడకపోవచ్చు. వస్తువులు చేతికిచ్చి చేయించే పనులకు పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. అందుకే తొలి పరీక్ష ఎదురుగా, తర్వాతివి తెర మీద చేస్తే, రెండు మూడు మార్కుల తేడాను చూసి జబ్బు తగ్గిందనో పెరిగిందనో అనుకోకూడదు.

భాష కుదరాలి

తెర గెలిచే చోటు కూడా ఒకటుంది. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా తెలుగు రైల్వే కుటుంబాలున్నాయి. అక్కడి తెలుగు తాతగారిని బెంగాలీలో పరీక్షిస్తే, ఆయన మరిచిన భాషేదో, అసలు రాని భాషేదో ఎలా తెలుస్తుంది? తెలుగు తెలిసిన థెరపిస్టు హైదరాబాదులో ఉన్నా, వీడియో ఆ దూరాన్ని చెరిపేస్తుంది. ఎదురుగా ఉండి భాష రాని నిపుణుడికన్నా ఇది మేలు కావచ్చు.

మీ ఇంట్లో ఇలాంటి పరీక్ష జరిగితే మీరూ సాయపడవచ్చు. గది నిశ్శబ్దంగా ఉంచండి. ఫోన్‌ను కదలకుండా నిలబెట్టండి. వినికిడి యంత్రం, కళ్లజోడు పెట్టించండి. అన్నిటికన్నా ముఖ్యం, జవాబు అందించకండి. తాతయ్య తడుముకుంటున్నాడని మనవడు ‘దువ్వెన’ అని గుసగుసలాడితే ఆ మార్కు మనవడిది. చికిత్స మాత్రం తాతయ్యకు తప్పుగా నిర్ణయమవుతుంది.