మాన్షన్ 24: కొందరికి వణుకు.. కొందరికి విసుగు! ఎందుకిలా?

ఓంకార్ డైరెక్ట్ చేసిన హారర్ వెబ్ సిరీస్ 'మాన్షన్ 24' 2023 అక్టోబర్ 17న అప్పటి డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో స్ట్రీమింగ్‌కి వచ్చింది. మొత్తం ఆరు ఎపిసోడ్లు. రెస్పాన్స్ మాత్రం మిశ్రమంగానే వచ్చింది.

అసలు కథేంటి?
కనిపించకుండా పోయిన తండ్రి (సత్యరాజ్) కోసం అమృత (వరలక్ష్మి శరత్‌కుమార్) ఓ పాడుబడ్డ మాన్షన్‌కి వెళ్తుంది. అక్కడి వాచ్‌మన్ (రావు రమేష్) ఒక్కో గది వెనకున్న కథ చెబుతాడు. ఇలా వేర్వేరు కథల్ని ఒకే దారానికి గుచ్చడమే ఆంథాలజీ.

తేడా ఎక్కడొచ్చింది?
ఫోన్‌లో చూసేవాళ్లకి ఈ పద్ధతి ప్లస్సే. ఒక కథ నచ్చకపోయినా ఇంకోటి ఉంటుంది. మైనస్ కూడా అదే. కథ మారిన ప్రతిసారీ భయాన్ని మళ్లీ మొదట్నుంచి పుట్టించాలి. పాత్రతో కాస్త దగ్గరయ్యేలోపే గది తలుపు మూసుకుంటుంది.

'అరుంధతి' ఏం చేసింది?
2009లో వచ్చిన 'అరుంధతి'ది ఒకే కోట, ఒకే పగ. ఆ భయం ఎంత నాటుకుందంటే, షూటింగ్ జరిగిన బనగానపల్లె నవాబు బంగ్లాని ఉమ్మడి కర్నూలు జిల్లా జనం ఇప్పటికీ 'అరుంధతి బంగ్లా' అనే పిలుస్తారు. నిజానికది నవాబుల వేసవి విడిది. ఓ సినిమా దాని అసలు చరిత్రనే మరిపించేసింది!

మరి మాన్షన్‌లో మీకు గుర్తుండిపోయిన గది ఏది? ఒక్కటైనా ఉంటే.. ఓంకార్ భయపెట్టినట్టే!