సింహముఖి సెఖ్మెత్ – బస్తర్ దంతేశ్వరి



ఉగ్రమైన దేవతను మనిషి ఎందుకు కొలుస్తాడు? రెండు దేశాల గాథల ద్వారా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ప్రాచీన ఈజిప్టు యుద్ధదేవత సెఖ్మెత్. స్త్రీ శరీరం, ఆడసింహం తల ఆమె రూపం. ఆ పేరుకు 'శక్తిమంతురాలు' అని అర్థం. తనపై తిరగబడిన మనుషులను శిక్షించడానికి సూర్యదేవుడు రా తన కన్నునే హాథోర్ దేవతగా పంపాడు. సంహారంలో ఆమే సెఖ్మెత్ అయింది. ఎంతకీ ఆగలేదు. చివరకు రా ఎర్రమన్ను కలిపిన బీరును పొలాల్లో పారించాడు. రక్తమనుకుని తాగి, మత్తెక్కి ఆమె శాంతించింది. రోగాలు పంపేదీ, నయం చేసేదీ ఆమేనని ఈజిప్షియన్ల నమ్మకం. అందుకే ఆమె పూజారులు వైద్యమూ చేసేవారు.

ఇక మన పొరుగున ఉన్న బస్తర్‌కు వద్దాం. దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమం దగ్గర దంతేశ్వరి ఆలయం ఉంది. నల్లరాతి విగ్రహం, ఆరు చేతులు, మహిషాసురమర్దిని రూపం. సెఖ్మెత్‌కు సింహం ముఖమైతే, దుర్గకు సింహం వాహనం. ఈ రెండు ఆరాధనలకూ చారిత్రక సంబంధం లేదు. పోలిక భావంలోనే ఉంది.

దంతేశ్వరి కథ ఓరుగల్లుతో ముడిపడింది. 1323లో కాకతీయ రాజ్యం పతనమయ్యాక, ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం. దేవి అతని వెనుక నడిచిందట. వెనుదిరిగి చూడరాదన్నది షరతు. నది ఇసుకలో అందెల సవ్వడి ఆగడంతో అతడు వెనుదిరిగాడు. దేవి అక్కడే నిలిచిపోయింది.

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. ఇందులో రావణదహనం లేదు. ముళ్ల ఊయలపై కూర్చున్న ఒక బాలికను కాఛిన్ దేవి ఆవహించి అనుమతి ఇస్తేనే పండుగ ముందుకు సాగుతుంది. ఆ అనుమతి అడిగేది రాజవంశీకుడే! ఇక్కడ రాజు యజమాని కాడు, దేవికి పూజారి. ఆదివాసులు దేవి ప్రధాన పూజారిగా గౌరవించిన ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. అయినా దేవి పల్లకి దంతెవాడ నుంచి దసరాకు వస్తూనే ఉంది.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? శక్తి రక్షించగలదు, హద్దు దాటితే నాశనమూ చేయగలదు. ఈజిప్టు గాథ ఆ శక్తిని శాంతింపజేయమంది. బస్తర్ ఆచారం రాజు చేతనే తలవంచి అనుమతి అడిగించింది.

ఆలోచించండి: మీ ఊరి గ్రామదేవత జాతరలో మొదటి అనుమతి ఎవరిది? పెద్దలను అడిగి రాయండి.